ఊరి ఉమ్మడి పనులు మనుషుల ఆరోగ్యాన్ని నిజంగా బాగుచేస్తాయా? మా గ్రంథాలయం గది విషయమై సలహా కోరుతున్నాను

ప్రశ్న
రాసినవారు: టెక్కలి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఒక చిన్న గ్రామం. పనిచేయగల వయసులో ఉన్న మగవారిలో ఎక్కువమంది చెన్నై, హైదరాబాదు నగరాలలో భవన నిర్మాణ పనులకు వెళ్ళిపోయారు. మరికొందరు గుజరాత్‌లోని వేరావల్ రేవులో బోట్ల మీద వేటకు కుదిరి, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే గడుపుతున్నారు. సంక్రాంతికి ఊరు నిండుతుంది. కనుమ దాటిన వారానికి మళ్ళీ వృద్ధులు, కోడళ్ళు, బడిపిల్లలు మాత్రమే మిగులుతారు.

ఈ వృద్ధుల సంగతే నన్ను కలవరపెడుతున్నది. పింఛను అందుతున్నది, బియ్యానికి లోటు లేదు, పిల్లలు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అయినా నిద్ర పట్టడం లేదనీ, ఒంట్లో సత్తువ లేదనీ, అన్నం సహించడం లేదనీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చుట్టూ తిరిగేవారు ఎక్కువవుతున్నారు. పరీక్షలు చేయిస్తే చాలామందికి చెప్పుకోదగిన జబ్బు ఏదీ బయటపడడం లేదు. ఒకప్పుడు ఉభాలు, అంటే వరినాట్లు, వచ్చాయంటే ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్ళేవారు, కోతల తరువాత కళ్ళాల దగ్గర రాత్రుళ్ళు కలిసి కాపలా కాసేవారు. యంత్రాలు వచ్చి ఆ కష్టాన్ని తగ్గించాయి, అది మంచిదే. కాని ఆ కష్టంతో పాటు మనుషులు రోజూ కలిసే సందర్భాలు కూడా పోయాయి, వాటి చోట మరొకటి రాలేదు.

మా రామమందిరం పక్కన మూతపడిన గ్రంథాలయం గది ఒకటి ఉన్నది. చెరువులో చేపల వేలం మీద వచ్చిన కొంత డబ్బు ఊరి ఉమ్మడి ఖాతాలో ఉన్నది. ఆ డబ్బుతో గదిని బాగుచేసి, అందరూ కలిసి ఏదో ఒక పని చేసుకునే చోటుగా మార్చాలని మేము కొందరం అనుకుంటున్నాము. అమ్మవారి గుడికి ముఖమండపం కట్టించాలని మరికొందరు పెద్దలు కోరుతున్నారు. మొన్నటి సమావేశంలో ఒక పెద్దాయన, "నలుగురూ ఒకచోట కూర్చున్నంత మాత్రాన రోగాలు తగ్గుతాయా మాస్టారూ, అలా తగ్గినట్టు ఎక్కడైనా రుజువయిందా?" అని అడిగారు. తెలుసుకోవాలనే అడిగారు కాబట్టి, సరైన సమాధానంతోనే ఆయన దగ్గరకు వెళ్ళాలని ఉన్నది. ఉమ్మడి కార్యక్రమాలలో పాల్గొనడం వల్ల మనుషుల శ్రేయస్సు నిజంగా మెరుగవుతుందా? మెరుగైతే, ఎటువంటి కార్యక్రమాల వల్ల? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం 1
రాసినవారు: సామాజిక వైద్యురాలు, విజయనగరం

మాస్టారు గారికి నమస్కారం. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నను వైద్యరంగం కూడా చాలాకాలంగా అడుగుతూనే ఉన్నది, కొంతవరకు సమాధానాలు కూడా దొరికాయి. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ అనే అమెరికా పరిశోధకురాలు, ఆమె సహచరులు అంతకు ముందు జరిగిన 148 అధ్యయనాలను, అంటే 3 లక్షలకు పైబడిన మనుషుల వివరాలను, ఒకచోట చేర్చి పరిశీలించారు. సామాజిక సంబంధాలు బలంగా ఉన్నవారు, అవి బలహీనంగా ఉన్నవారితో పోలిస్తే, ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా ఉన్నదని తేలింది. పొగతాగడం మానినందువల్ల కలిగే మేలుతో దీనిని వారు పోల్చారు. మీ ఊరికి మరింత ఉపయోగపడే సంగతి అదే పరిశోధనలో మరొకటి ఉన్నది. "ఒంటరిగా ఉంటున్నారా, ఇంకొకరితో కలిసి ఉంటున్నారా" అని మాత్రమే అడిగిన అధ్యయనాలలో తేడా స్వల్పంగా, 19 శాతంగా కనిపించగా, కుటుంబం, స్నేహాలు, సంఘాలు, ఉమ్మడి పనులు అన్నింటినీ కలిపి కొలిచిన అధ్యయనాలలో అది 91 శాతం వరకు ఉన్నది. కాబట్టి ఇంట్లో కోడలు ఉన్నది, పక్కగదిలో మనవడు ఉన్నాడు, ఇక ఆ ముసలాయనకు ఒంటరితనం ఏమిటి అని అనుకోవడానికి వీలులేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, మీ పెద్దాయన దానిని కూడా అడగవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవారే నలుగురిలోకి వస్తారు, నీరసించినవారు ఇంట్లో ఉండిపోతారు. అలాంటప్పుడు కలిసి తిరగడం వల్ల ఆరోగ్యం వచ్చిందో, ఆరోగ్యం ఉన్నందువల్ల కలిసి తిరిగారో ఎలా చెప్పగలము? దీనికి సమాధానం కావాలంటే కొన్ని ఊళ్ళలో సమూహాలు ఏర్పాటు చేసి, అటువంటివే మరికొన్ని ఊళ్ళలో చేయకుండా, రెండింటినీ పోల్చి చూడాలి. అటువంటి పరీక్ష మనకు ఎంతో దూరం కాని చోటనే జరిగింది. 2005 నుంచి 2008 వరకు ఝార్ఖండ్‌లోని రెండు జిల్లాలలోను, ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలోను ఏక్‌జుట్ అనే సంస్థ గ్రామ మహిళల సమూహాలను నెలకు ఒకసారి సమావేశపరిచింది. బయటి డాక్టర్లు వచ్చి ఉపన్యాసాలు ఇవ్వలేదు. స్థానికంగా ఉండే ఒక మహిళ కథలు, బొమ్మలు, ఆటల సాయంతో చర్చ నడిపేది; తల్లులకు, పసిబిడ్డలకు వస్తున్న ఆపదలలో ఏవి ముఖ్యమో సభ్యులే తేల్చుకునేవారు, పరిష్కారాన్ని వారే ఆలోచించి, వారే అమలు చేసి, చివరకు ఏమి జరిగిందో వారే సమీక్షించుకునేవారు. సమూహాలు లేని ప్రాంతాలతో పోలిస్తే ఆ మూడేళ్ళలో నెలలోపు శిశువుల మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. తల్లుల మానసిక కుంగుబాటు విషయంలో మొత్తం మీద స్పష్టమైన తేడా కనిపించకపోయినా, మూడో సంవత్సరంలో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తక్కువగా ఉన్నది. మొదటి రోజునుంచే మార్పు రాలేదన్నది గమనించండి. మనుషులు ఒకరినొకరు నమ్మడానికి కాలం పడుతుంది.

వృద్ధుల విషయంలో నాకు ఎంతో నచ్చిన ఉదాహరణ జింబాబ్వేది. 2006లో హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు, వైద్యుల కొరత తీవ్రంగా ఉన్న పరిస్థితులలో, ఆరోగ్య కేంద్రాల దగ్గర పనిచేసే పెద్ద వయసు మహిళలకు శిక్షణ ఇచ్చి, ఆవరణలో ఒక బల్ల వేయించి, దిగులుతో వచ్చినవారితో అక్కడ కూర్చుని మాట్లాడే పనిని వారికి అప్పగించాడు. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆ అవ్వలతో మాట్లాడినవారిలో ఆరు నెలల తరువాత కుంగుబాటు లక్షణాలు మామూలు చికిత్స పొందినవారికంటే బాగా తగ్గినట్టు తేలింది. మన ఆశా కార్యకర్తలు, ఊరిలో అందరి మంచిచెడ్డలు తెలిసిన పెద్దమ్మలు ఆ పనికి ఏ విధంగానూ తీసిపోరని నా నమ్మకం.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. సమూహం మందులకు బదులు కాదు. నీరసం వెనుక రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం ఉండవచ్చు. దిగులు వెనుక చికిత్స అవసరమైన కుంగుబాటు ఉండవచ్చు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటనైనా వినిపిస్తే దానిని వైరాగ్యంగా తీసిపారేయకండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మీ గది గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి.

సమాధానం 2
రాసినవారు: ఉద్దానం ఆడపడుచు

మాది కవిటి మండలం. డాక్టరమ్మ గారు చెప్పిన పరిశోధనలు నాకు తెలియవు, నేను చూసినదే రాస్తాను.

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తున్నదో శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నా భర్తకు కూడా ఆ జబ్బు వచ్చింది, డయాలసిస్ మీద ఉన్నారు. ఒక్కొక్కసారి నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి; రానుపోను ప్రయాణం కలుపుకుంటే ఆ రోజు మొత్తం అందుకే సరిపోతుంది. జబ్బు బయటపడిన కొత్తలో మా ఇంటికి మనుషుల రాకపోకలు తగ్గిపోయాయి. అది కాఠిన్యం కాదు. ఏమని పలకరించాలో తెలియక తప్పుకునేవారు. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషి, చెట్టెక్కలేక, మోపు ఎత్తలేక, వీధి అరుగుమీద గోడవైపు తిరిగి కూర్చునేవారు.

మా పొదుపు సంఘం సమావేశంలో ఒక అప్ప ఈ సంగతి కదిపింది. వాయిదాల లెక్క ముగిశాక ఊరిలో డయాలసిస్‌కు వెళ్ళే ఇళ్ళ గురించి మాట్లాడుకున్నాము. ఆసుపత్రికి తోడు ఎవరు వెళ్ళాలి, ఆ పూట ఆ ఇంటి పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలి, ఒకే రోజు వంతు ఉన్నవారందరికీ కలిపి ఒకే ఆటో ఎలా మాట్లాడాలి అన్నది పంచుకున్నాము. తోడు దొరకడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కాని అసలు మార్పు వచ్చింది నా భర్తకు పని అప్పగించిన తరువాతనే. ఎవరి వంతు ఏ రోజో రాసిపెట్టే పుస్తకం ఆయన చేతికి ఇచ్చారు. ముందురోజు సాయంత్రం అందరికీ ఫోను చేయడం, ఆటో అతనికి చెప్పడం, కొత్తగా జబ్బు బయటపడినవారి ఇంటికి వెళ్ళి నీళ్ళు ఎంత తాగాలో, ఉప్పు ఎందుకు తగ్గించాలో, డాక్టరు చెప్పిన మాటలు మనకు అర్థమయ్యేటట్టు చెప్పడం ఆయన పనులు. ఇప్పుడు ఉదయాన్నే లేస్తున్నారు, గడ్డం గీసుకుంటున్నారు. జబ్బు అలాగే ఉన్నది. మనిషి మాత్రం మళ్ళీ మనలో పడ్డారు.

తిత్లీ తుపాను సమయంలో కూడా ఇదే చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన ఆ గాలికి మా కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది కాబట్టి ఆ నష్టం ఒక ఏడాదిది కాదు. కరెంటు లేదు, తాగునీరు లేదు. బడి ఆవరణలో అందరికీ కలిపి వంట మొదలుపెట్టాము. అక్కడ కట్టెలు కొట్టినవారు, బిందెలు మోసినవారు, గరిటె పట్టినవారు ఎంత నష్టపోయినా ముందుగా తేరుకున్నారు. వడ్డించింది తిని, చేయడానికి ఏమీ లేక, కూలిన తోటకేసి చూస్తూ కూర్చున్నవారికి ఆ దిగులు నెలల తరబడి వదలలేదు. అందుకని మాస్టారు గారూ, మీ గదికి వచ్చే పెద్దలను కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపకండి. వారు రాకపోతే ఆగిపోయే పని ఏదో ఒకటి వారి చేతిలో పెట్టండి.

సమాధానం 3
రాసినవారు: చీపురుపల్లి చదువరి

పై ఇద్దరూ చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. అయినా ఇంకా ఎవరూ అడగని ఒక ప్రశ్న అడుగుతున్నాను. దీనిని అడ్డుపుల్లగా భావించవద్దని మనవి. మీ గది రామమందిరం పక్కన ఉన్నదని రాశారు. మీ ఊరి దళితపేటలోని వృద్ధుడు ఆ అరుగుమీద అందరితో సమానంగా కూర్చుంటాడా? కూర్చోవచ్చు అని మీరు అనడం కాదు, ఇప్పటిదాకా ఎప్పుడైనా కూర్చున్నాడా? మా ప్రాంతంలో చాలా ఊళ్ళలో రామమందిరం అరుగు మగవారి చోటు. ఆడవాళ్ళు అటుగా వెళ్ళేటప్పుడు తలవంచుకుని నడక వేగం పెంచుతారు. అటువంటి చోట "అందరికీ స్వాగతం" అని బోర్డు పెట్టినంత మాత్రాన అందరూ రారు, రానివారికి ఆసక్తి లేదని మనమే తీర్మానించేస్తాము.

ఊరు మనిషిని ఆదుకున్నట్టే మనిషిని నలిపివేయగలదు కూడా. వెలివేతలు ఊరివారు కలిసి చేసినవే. పొదుపు సంఘాలు మహిళలకు బ్యాంకు గడప ఎక్కే ధైర్యాన్నిచ్చాయి, అది మా ఇంట్లోనే చూశాను; అవే సంఘాలలో ఒకరు వాయిదా కట్టలేకపోతే మిగిలినవారందరికీ అప్పు ఆగిపోతుంది కనుక, ఆ ఒక్కరి మీద పడే ఒత్తిడి ఎంత దూరం వెళుతుందో కూడా చూశాను. కలిసి ఉండడం వల్ల మేలు కలగాలంటే, ఆ కలయికలో మాట పడకుండా, తక్కువ చూపు లేకుండా ఉండే వీలు ప్రతి ఒక్కరికీ ఉండాలి. కాబట్టి ఖర్చు గురించి తీర్మానించే ముందు పేటలోని వారిని, మత్స్యకార కుటుంబాలను, ఇంటి కోడళ్ళను వేరువేరుగా కలిసి, ఏ చోటైతే వస్తారో, ఏ వేళ అయితే వీలవుతుందో అడగండి. గ్రంథాలయం గది కంటే ప్రాథమిక పాఠశాల వరండా మంచిదని వారు అంటే, ఆ మాటకు కట్టుబడండి. బడి అందరి పిల్లలదీ కదా. వేళ విషయంలో కూడా ఆడవారి మాటే నెగ్గాలి. పొద్దుటి పని, పొలం పని, సాయంత్రం వంట అయ్యాక ఇంకొక పనిని వారి నెత్తిన పెట్టి దానికి శ్రేయస్సు అని పేరు పెట్టడం న్యాయం కాదు.

సమాధానం 4
రాసినవారు: తప్పెటగుళ్ళ జట్టు సభ్యుడు, విజయనగరం జిల్లా

చదువరి గారి మాట నిజం. నా వంతుగా ఒక చిన్న సంగతి మాత్రం కలుపుతాను. మా జట్టులో తప్పెటను ఛాతీకి కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు వేసుకుని, వలయంగా తిరుగుతూ పాడతాము; ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసాలు కూడా ఉంటాయి. కింద నిలబడినవాడు రాకపోతే పైకి ఎక్కేవాడు లేడు. అందువల్ల సాధన ఉన్న రోజున మద్యం ముట్టకూడదన్న కట్టుబాటును ఎవరూ ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. వయసు మీరి గంతు వేయలేని పెద్దలను మేము ఇంటికి పంపలేదు; పాట అందించేది, కుర్రవాళ్ళ అడుగు తప్పితే ఆపేది వారే. మా గురువుగారికి మోకాళ్ళు అరిగిపోయాయి, కాని పాటలో ఏ చరణం తరువాత ఏది వస్తుందో ఆయనను అడగకుండా మా ప్రదర్శన మొదలు కాదు. మీ ఊరి పెద్దలకు వచ్చిన పాటలు, కథలు, పనులు ఏమిటో ముందు ఒక పట్టీ రాయించండి మాస్టారు గారూ. అందులోంచే కార్యక్రమం పుడుతుంది.

మళ్ళీ రాసినవారు: టెక్కలి మాస్టారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు రాసినదంతా కాగితం మీద రాసుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. ఒడిశా సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. జింబాబ్వే అవ్వల గురించి వినగానే వారి ఇంటి అమ్మ గారు వంటగదిలోంచి బయటకు వచ్చి, ఆ పని తాను కూడా చేయగలనన్నారు.

చదువరి గారి ప్రశ్నకు సమాధానం: లేదు, ఇప్పటిదాకా కూర్చోలేదు. పేటలో నా విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళి అడిగాను. బడి వరండా అయితే వస్తామని దాదాపు అందరూ అన్నారు, రామమందిరం పక్క గది విషయంలో మాత్రం మౌనంగా ఉండిపోయారు. అందువల్ల గది మరమ్మతు ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టి, దాని పుస్తకాలను, బీరువాను బడికి తరలించాలని ప్రతిపాదిస్తున్నాను. దీనివల్ల ఖర్చు కూడా తగ్గుతుంది కనుక ముఖమండపం కోరేవారితో తగవు ఉండదు. ఆ డబ్బులో పెద్ద భాగం వారి పనికి వెళ్ళినా నాకు అభ్యంతరం లేదు. మండపం కట్టడానికి వచ్చే జనమూ మన జనమే.

పని విషయానికి వస్తే, బడి వదిలాక మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో పెద్దలు పుస్తకాలు చదివించడం ఒకటి. చదువురాని పెద్దలు కథ చెబితే పిల్లలు దానిని రాయడం ఇంకొకటి. శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి పట్టుదలతోనే నిలబడిందనీ, ఎవరెవరి ఇళ్ళలోనో అటకల మీద పడి ఉన్న పాత పత్రికలు అక్కడికి చేరి భద్రమయ్యాయనీ మా పెద్దలకు తెలుసు కాబట్టి, మన ఊరి కథలను పుస్తకంగా కుట్టిపెడదామంటే ఉత్సాహం చూపుతున్నారు. మా పక్కనే ఉన్న తేలినీలాపురంలో ఏటా వలస వచ్చే కొంగలను ఊరంతా కాపాడుతున్న తీరు మీద మొదటి కథ రాయించాలని పిల్లలే అడిగారు.

డాక్టర్ గారిని ఒక్క మాట అడగాలి. కొన్ని నెలల తరువాత దీనివల్ల మేలు జరిగిందా లేదా అన్నది మా వంటివారు ఎలా తెలుసుకోవాలి? "బాగానే ఉన్నది" అని మొహమాటానికి అనే మాటలమీద ఆధారపడాలని నాకు లేదు.

సమాధానం 5
రాసినవారు: సామాజిక వైద్యురాలు, విజయనగరం

మంచి ప్రశ్న, మొదలుపెట్టడానికి ముందే అడిగినందుకు సంతోషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుకలోకి తెచ్చిన ఐదు వాక్యాల చిన్న కొలత ఒకటి ఉన్నది. దానిని ఉపయోగించడానికి డాక్టరు కానక్కరలేదు. గడచిన రెండు వారాలలో ఉల్లాసంగా ఉన్నానా, మనసు ప్రశాంతంగా ఉన్నదా, చురుకుగా ఉన్నానా, నిద్ర లేచేసరికి అలసట తీరినట్టు అనిపించిందా, రోజులో నాకు ఆసక్తి కలిగించే సంగతులు ఉన్నాయా అన్నవి ఆ ఐదు. "ఎప్పుడూ లేదు" అంటే 0, "ఎల్లప్పుడూ" అంటే 5 చొప్పున వేసి కూడితే మొత్తం 25కు వస్తుంది. 13 కంటే తక్కువ వచ్చినవారి విషయంలో శ్రద్ధ అవసరం; వారిని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి వైద్యుడికి చూపించండి. కార్యక్రమం ప్రారంభించే ముందు ఒకసారి, ఆరు నెలల తరువాత మరొకసారి అడిగి రాసుకోండి. అడిగేది మీరు కాకుండా ఆశా కార్యకర్త అయితే మేలు. మాస్టారు అడిగితే మంచి మార్కులు రావాలని అందరికీ ఉంటుంది. వచ్చినవారిని మాత్రమే కాక, రావడం మానేసినవారిని కూడా తప్పక అడగాలి, ఎందుకు మానేశారో రాసుకోవాలి. అసలు లోపం వారి మాటలలోనే తెలుస్తుంది.

పిల్లలతో చదివించడం గురించి మీరు వేసుకున్న పథకం వంటిదే అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగింది. అక్కడ 60 ఏళ్ళు దాటినవారు ప్రాథమిక పాఠశాలలకు వెళ్ళి వారానికి 15 గంటలు పిల్లల చదువుకు సాయపడేవారు. మీ దగ్గర అన్ని గంటలు అవసరం లేదు, కాని వారాలు, వేళలు స్థిరంగా ఉండాలి. ఏ పిల్లవాడికి ఏ తాత, ఏ అవ్వ అన్నది కూడా మారకుండా చూడండి. చూపు మందగించినవారిని ముందుగానే కంటి పరీక్షకు పంపండి, చెవులు సరిగా వినపడనివారిని పిల్లలకు దగ్గరగా, వరండా చివర చప్పుడు లేని చోట కూర్చోబెట్టండి. మరుగుదొడ్డి తాళం బడి వేళలు ముగిశాక ఎవరి దగ్గర ఉంటుందో ఇప్పుడే తేల్చుకోండి. ఆడవారు, వృద్ధులు ఇలాంటి చోట్లకు రావడం మానేయడానికి ఎవరూ పైకి చెప్పని కారణాలలో అది ఒకటి.